చూపు మారిన సన్యాసిని: ఒక బరోక్ చాక్ డ్రాయింగ్ కేసు

పదిహేడో శతాబ్దం రెండో సగంలో, బరోక్ శైలి నడిచిన కాలంలో, రోమ్‌లో గీసినట్టు కనిపించే ఒక చాక్ డ్రాయింగ్‌కు చేసిన చికిత్స ఇది. యజమాని, ఊరు, కచ్చితమైన కొలతలు, సేకరించినవాళ్ళ ముద్రలు, అంటగట్టిన చిత్రకారుడి పేరు వదిలేస్తున్నాం. పదార్థాలు, పాళ్ళు, నిమిషాలు, తప్పిన అంచనాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాం. కాగితపు కళాఖండాల మీద పనిచేసేవాళ్ళకూ, పాత డ్రాయింగుల మీద లేబుళ్ళు రాసేవాళ్ళకూ పనికొస్తుందని.

బొమ్మ

ఏ4 కన్నా కాస్త చిన్న కాగితం. కార్మెలైట్ అనే కాథలిక్ మఠ సంఘానికి చెందిన సన్యాసిని, నడుము దాకా. ముదురు అంగీ, లేత పైవస్త్రం, తల మీద ముసుగు. తల వెనక్కి వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది, రెండు చేతులు ఛాతీకి ఇరువైపులా విచ్చుకుని అరచేతులు మనవైపు తిరిగాయి. కింద మేఘం. వెలుగు పై ఎడమ మూల నుంచి పడుతోంది. బాణం పట్టుకున్న దేవదూత లేదు, ముళ్ళ కిరీటం లేదు, చేతిలో శిలువ లేదు.

ఈ భంగిమ ఆ కాలానికి కొత్తేమీ కాదు. చర్చి పెద్దలు సమావేశమైన ట్రెంట్ మహాసభ (1545–1563) తర్వాత కాథలిక్ చర్చి భక్తుణ్ణి కదిలించే బొమ్మలు కోరుకుంది. స్పెయిన్ కార్మెలైట్ సన్యాసిని అవీలా తెరేసాను 1622లో సెయింట్‌గా ప్రకటించారు. రోమ్‌లోని సాంతా మరియా దెల్లా విత్తోరియా చర్చిలో శిల్పి బెర్నీని ఆమె పారవశ్యాన్ని 1647–1652 మధ్య పాలరాతిలో చెక్కాడు. పైకెత్తిన కళ్ళు అంతకన్నా పాతవి. బొలోన్యాలో ఉన్న, రఫాయెల్ గీసిన సెయింట్ సెసీలియా చిత్రంలోనే కనిపిస్తాయి. చిత్రకారుడు గీదో రేనీ చేతిలో అవి దాదాపు ఒక సూత్రంగా మారాయి.

ఆ సూత్రంలో మన పనికి కావలసిన సాంకేతిక విషయం ఒకటుంది. చూపు పైకి లేచినప్పుడు నల్లగుడ్డు సగం పై రెప్ప కిందికి పోతుంది, కింద తెల్లగుడ్డు నెలవంకలా బయటపడుతుంది. రంగు కాగితం మీద గీసేవాడు ఆ నెలవంకను కాగితం రంగుకు వదిలెయ్యడు. తెలుపు పెడతాడు. పారవశ్యం కనిపించేది ఆ చిన్న తెల్లటి చోటే. నుదురు, ముక్కు దూలం, కింది పెదవి తడి, అరచేతి మడమ (మణికట్టు పక్కన ఉబ్బెత్తు భాగం), వీటి మీద తెలుపు కూడా అందుకే. ఈ రకం బొమ్మలో మధ్యస్థపు రంగు కాగితానిది, చీకటి నల్ల చాక్‌ది, వెలుగు తెలుపుది. మూడింటిలో ఏ ఒక్కటి చెడినా లెక్క తప్పుతుంది. ఇక్కడ రెండు చెడ్డాయి.

ఏ ఫిర్యాదుతో వచ్చింది

యజమాని చెప్పినవి: మొహం మీద బూజు పట్టింది, కాగితం ముదురు గోధుమరంగుకు తిరిగింది, మూలలు లేస్తున్నాయి, అమ్మకానికి ముందు శుభ్రం చెయ్యాలి. ఫ్రేమ్ వెనక పాత లేబుల్ మీద ఉన్నది: మరియా మద్దలేనా దే పాజ్జీ, క్రీస్తు గాయాలు పొందుతున్న ఘట్టం (శిలువ మీది క్రీస్తు గాయాలు భక్తురాలి ఒంటి మీద కనిపించడం). ఈమె కూడా కార్మెలైట్ సన్యాసినే. ఫ్లోరెన్స్ మనిషి (1566–1607), 1669లో సెయింట్‌గా ప్రకటించారు. లేబుల్ రాసినవాళ్ళకు ఆధారం స్పష్టమే: రెండు అరచేతుల్లో నల్ల మచ్చలు, నుదుటి మీద మరో మూడు. అరచేతుల్లో ఉన్నవి మేకుల గాయాలు, నుదుటివి ముళ్ళ గుర్తులు అని చదివారు. యజమాని బూజన్నదీ లేబుల్ గాయమన్నదీ ఆ మచ్చలనే అని ఇరుపక్షాలూ గమనించినట్టు లేదు.

ఇంకో నష్టం ఈ మధ్య జరిగింది. ఎవరో మెత్తటి రబ్బరుతో ఎడమ చెంప మీది ఒక మచ్చను తుడవబోయారు. మచ్చ పోలేదు, పక్కనున్న నల్ల చాక్ గీతలు 6 మి.మీ. మేర లేచిపోయాయి. చాక్‌లో బంక ఉండదు. అది కాగితపు నూగులో ఇరుక్కుని నిలబడిన పొడి. రబ్బరు ముందు దాన్నే పట్టుకుంటుంది.

పరిశీలన

పక్కవాటు వెలుగు, అతినీలలోహిత దీపం, 10 నుంచి 40 రెట్ల స్టీరియో మైక్రోస్కోప్, ఆ తర్వాత ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్. వెనక అట్ట పూర్తిగా అతికి ఉండటంతో వెలుగుకు పట్టి చూడటం కుదరలేదు.

బూజు కాదని మైక్రోస్కోప్ కింద ఐదు నిమిషాల్లో తేలింది. బూజుకు పోగులుంటాయి, అది తడి ఉన్న దిక్కుకు పాకుతుంది, గీతను గౌరవించదు. ఇక్కడ నలుపు కుంచె దెబ్బ ఆకారంలోనే ఉంది. ఒక చివర లావుగా మొదలై రెండో చివర సన్నగా లేచింది. వెలుగు పక్కవాటుగా పడితే సీసపు బూడిద మెరుపు. మందంగా పెట్టిన చోట పగులులోకి చూస్తే లోపల ఇంకా తెల్లగానే ఉంది. సన్నగా పూసిన చోట లోపలిదాకా నల్లబడింది.

అంటే సీసపు తెలుపు. తుమ్మ బంకలో కలిపి కుంచెతో పెట్టింది. నూనె రంగులో అయితే నూనె కొంత అడ్డు నిలుస్తుంది. బంకలో ఉన్న సీసపు తెలుపుకు ఆ రక్ష లేదు. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్ళిన గుడ్డు వాసన వేసే వాయువు, దాన్ని నల్లటి లెడ్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. బొగ్గు పొయ్యిలు, గ్యాస్ దీపాలు ఉన్న ఇళ్ళ గోడల మీద వేలాడిన బొమ్మలకు ఇది మామూలు జబ్బు.

పైవస్త్రం మీది తెలుపు మాత్రం తెల్లగానే ఉంది. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్‌లో అక్కడ కాల్షియం వచ్చింది. అది మామూలు సుద్ద, ఈ వాయువుకు లొంగదు. నల్ల మచ్చల్లో సీసం వచ్చింది. గంధకం కోసం ఈ పరికరాన్ని నమ్మకూడదు. పరికరం చూపే గ్రాఫులో గంధకం గీత 2.31 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, సీసం ఎం-గీత 2.34 దగ్గర పడతాయి, రెండూ కలిసిపోయి కనిపిస్తాయి. కాబట్టి రిపోర్టులో "సీసం ఉంది" అనే రాశాం. సల్ఫైడ్ అన్నది రంగు, మెరుపు, తర్వాతి పరీక్ష కలిపి చేసిన నిర్ధారణ.

ఒకే బొమ్మలో రెండు తెలుపులు ఎందుకు? ఈ ప్రశ్న దగ్గర రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. కుంచె తెలుపు చిత్రకారుడిదా, తర్వాత ఏ వ్యాపారో మెరుగులు దిద్దించాడా? తర్వాతివాళ్ళదైతే నలుపును తిరిగి తెలుపుకు తిప్పడానికి వాదన బలహీనపడుతుంది. జవాబు కుడి కంటి రెప్ప దగ్గర దొరికింది. ఎండిన కుంచె తెలుపు మీదుగా నల్ల చాక్ గీత ఒకటి పోయింది. చాక్ మొన ఆ పొరను గీరి, పొడి ఆ గాడిలో కూర్చుంది. అదే చేతివాటం, అదే ఒరవడి రెప్ప మిగతా భాగంలోనూ ఉంది. తెలుపు పెట్టాక కూడా గీత కొనసాగింది కాబట్టి అది మొదటి పనిలో భాగమే.

కన్ను దగ్గరే ఇంకోటి బయటపడింది. మామూలు దూరం నుంచి చూస్తే ఈ సన్యాసిని పైకి చూడటం లేదు. తల ఆకాశానికి ఎత్తి కళ్ళు మాత్రం కిందికి, దాదాపు చూసేవాడి వైపు తిప్పినట్టుంది. అందుకే మొహంలో ఏదో కపటం. మైక్రోస్కోప్ కింద చూస్తే అసలు నల్లగుడ్డు పై రెప్ప కింద నల్ల చాక్‌తో సగమే గీసి ఉంది. మనం కనుపాప అనుకుంటున్నది దాని కింద, తెల్లగుడ్డు మీద పెట్టిన తెల్ల చుక్క. అది నల్లబడి కనుపాప స్థానం ఆక్రమించింది. చుక్క వ్యాసం 1.5 మి.మీ. ఉంటుంది.

ఎర్ర చాక్ పెదవుల మీద, ముక్కుపుటం దగ్గర, కనురెప్పల అంచున కొద్దిగా ఉంది. ఇది మన జేగురు జాతిదే, బంకమన్నులో కలిసిన ఇనుప ఆక్సైడ్. తర్వాత వాడబోయే రసాయనానికి ఇనుముతో పొసగదు కాబట్టి ఎర్ర గీత ఉన్న ప్రతి చోటా మ్యాపులో గుర్తించాం. నల్ల గుర్తులు లెక్కపెడితే 41.

ముందు అట్ట

పంతొమ్మిదో శతాబ్దపు చెక్కగుజ్జు అట్ట, జంతు జిగురుతో పూర్తిగా అంటించి ఉంది. అట్ట ఆమ్లం కాగితంలోకి దిగుతోంది, అట్ట సాగినప్పుడల్లా కాగితాన్ని లాగుతోంది. తియ్యక తప్పదు. యజమాని మాత్రం ముందు మొహం బాగుచెయ్యమన్నారు. మేం ఒప్పుకోలేదు. వెనక జిగురు ఉండగా ముందు ఏ ద్రవం పెట్టినా ఆ తడి ఎటు పోతుందో తెలియదు. పైగా కాగితం అసలు రంగేమిటో, ఎంత బలంగా ఉందో వెనక చూడకుండా చెప్పలేం. ఈ వరస పట్టుబట్టడం ఎంత మేలైందో కాసేపట్లో తెలుస్తుంది.

నీటిలో ముంచడం మొదటి క్షణంలోనే కొట్టేశాం. తుమ్మ బంక నీటిలో కరుగుతుంది, బంక కరిగితే తెలుపు మొత్తం కదులుతుంది.

అట్ట తియ్యాలంటే బొమ్మను బోర్లా పెట్టాలి. పొడి చాక్ ఉన్న బొమ్మను బోర్లా పెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. పాలిస్టర్ ఫిల్మ్ వాడకూడదు, దాని స్థిర విద్యుత్తు చాక్ పొడిని లాగేస్తుంది. నునుపైన గ్లాసిన్ కాగితం మీద ఒకేసారి నిలువుగా దించి, నాలుగు అంచుల బయట బరువులు పెట్టి, పక్కకు జరగకుండా కట్టడి చేశాం. చాక్‌కు హాని చేసేది బరువు కన్నా రాపిడి. పని అయ్యేదాకా బొమ్మను తిప్పలేదు, జరపలేదు. బల్ల చుట్టూ మనుషులే తిరిగారు.

అట్టను పొరలు పొరలుగా వంపు స్కాల్పెల్‌తో, మూల నుంచి మధ్యకు చీల్చాం. చివరి పొర సుమారు 0.3 మి.మీ. మిగిలాక లోహం పక్కన పెట్టాం. అక్కడి నుంచి కాగితానికీ అట్టకూ తేడా చేతికి తెలియదు.

ఆ చివరి పొరకు మొదట ఎంచుకున్న పద్ధతి తప్పింది. నీటిని పట్టి ఉంచే 4 శాతం మిథైల్ సెల్యులోజ్ ముద్దను 3 సెం.మీ. చతురస్రంగా కింది మూలలో పెట్టి 20 నిమిషాలు ఉంచాం. జిగురు బాగానే నానింది. కానీ పాత జంతు జిగురు అన్నిచోట్లా ఒకే మందంలో లేదు. పలచగా ఉన్న చోట తడి నేరుగా కాగితంలోకి దిగింది. మూల కొద్దిగా ఎత్తి కిందనుంచి చూస్తే మేఘపు అంచున ఒక కుంచె గీత ఉబ్బి మెరుస్తోంది. బంక మెత్తబడుతోందన్నమాట. ముద్ద తీసేసి, పొడి బ్లాటింగ్ పేపర్ పెట్టి, ఆ రోజుకు పని ఆపాం. గీత ఎండాక కదల్లేదు కానీ పైపొర కొంచెం నునుపెక్కింది, అది అలాగే ఉండిపోతుంది.

తర్వాత గోర్‌టెక్స్‌కు మారాం. దాని గుండా ఆవిరి పోతుంది, నీరు పోదు. తడిపి పిండిన బ్లాటింగ్ పేపర్, దాని కింద గోర్‌టెక్స్, దాని కింద అట్ట పొర, పైన పలచటి అద్దం ముక్క. 4 సెం.మీ. చదరానికి 8 నుంచి 10 నిమిషాలు. అంతకు మించితే అంచులు ఉబ్బుతాయి. జిగురు జెల్లీలా మారాక వెదురు గరిటెతో అట్ట పీచు తీసి, ఆ వెంటనే జిగురును మొండి అంచుతో గీకి, పొడి బ్లాటింగ్ పేపర్, బరువు. పక్క చదరానికి వెంటనే పోకుండా ఒకటి విడిచి ఒకటి చేశాం, తడి పోగుపడకుండా. నాలుగు రోజులు పట్టింది. మొండికేసిన జిగురు రెండు చోట్ల సన్నటి పొరగా వదిలేశాం, పీకితే కాగితపు చర్మం వచ్చేస్తుంది.

వెనక నీలం

జిగురు తీసిన వెనకవైపు లేత నీలంగా ఉంది.

ముందువైపు ఏళ్ళ తరబడి వెలుతురుకు వెలిసి గోధుమరంగు అయింది. అట్టకు అతికిన వెనకవైపు చీకట్లో దాగింది. నీలి గుడ్డ పేలికలతో చేసిన కాగితం. ఇటలీలో చాక్ డ్రాయింగులకు ఇది ఎంతో ఇష్టమైన కాగితం. రంగు పోగుల్లోనే ఉంటుంది కాబట్టి మైక్రోస్కోప్ కింద నీలి పోగులు, తెల్ల పోగులు విడివిడిగా కనిపిస్తాయి. ఆ దృష్టితో ముందువైపు మళ్ళీ వెతికితే మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) కింద దాగిన 4 మి.మీ. అంచులోనూ అవే పోగులున్నాయి.

ఇది తెలిశాక రెండు లెక్కలు మారాయి. ఒకటి, "కాగితాన్ని తెల్లగా శుభ్రం చెయ్యమ"న్న కోరిక అర్థం లేనిది. ఇది ఎన్నడూ తెల్ల కాగితం కాదు, కడిగి లేతగా చేస్తే మధ్యస్థపు రంగు ఇంకా పోతుంది. పోయిన నీలం ఎలాగూ రాదు. రెండోది మరింత అత్యవసరం: మేం తెలుపుకు వాడదలచింది హైడ్రోజన్ పెరాక్సైడ్. అది ఆక్సీకరణి. మిగిలిన నీలానికి ఏం చేస్తుందో చూడాలి. వెనక అట్టతో పాటు ఊడివచ్చిన నాలుగు నీలి పోగులను గాజు పలక మీద పెట్టి 3 శాతం నీటి ద్రావణం చుక్క వేశాం. అరగంటలో పాలిపోయాయి. అట్ట తియ్యకుండా మొహంతో మొదలుపెట్టి ఉంటే ప్రతి తెల్ల గీత చుట్టూ ఒక లేత వలయం మిగిలేది, దానికి కారణం కూడా మాకు తెలిసేది కాదు.

అంచుల్లోని గోధుమ మచ్చలకు బాథోఫెనాంత్రోలిన్ పరీక్ష కాగితం తాకించాం. కరిగే ఇనుము ఉంటే గులాబీ రంగు వస్తుంది. మేఘం దగ్గర రెండు మచ్చలకు వచ్చింది. ఇనుము ఉన్న చోట పెరాక్సైడ్ విరిగి, కాగితపు సెల్యులోజ్‌నే తినే చురుకైన రాడికల్స్ పుడతాయి. ఆ రెండు చోట్లకు ఎర్ర గుర్తు పెట్టాం.

మార్చాలా, వద్దా

నల్లబడటం కూడా బొమ్మ చరిత్రేనని వాదించేవాళ్ళున్నారు, ఆ వాదనకు విలువుంది. లెడ్ సల్ఫైడ్‌ను పెరాక్సైడ్‌తో తిప్పితే వచ్చేది అసలు సీసపు తెలుపు కాదు, లెడ్ సల్ఫేట్. అది కూడా తెల్లనే, కాస్త పారదర్శకత ఎక్కువ. ఇది వెనక్కి తిప్పలేని రసాయన మార్పు. నల్ల గీతల మీద తీసెయ్యగలిగే రంగు వేసి కప్పడం మరో దారి. కానీ 1.5 మి.మీ. చుక్క మీద, పొడి చాక్ పక్కన, కొత్త రంగు వెయ్యడం తర్వాత తీసెయ్యడం రెండూ మాటల్లో మాత్రమే సులువు, చేతల్లో కాదు.

తూకం మార్చింది కన్నే. ఇక్కడ నలుపు అందాన్ని తగ్గించడంతో ఆగలేదు, బొమ్మ చెప్పే మాటను తిరగేసింది. వెలుగు ఉన్న చోట గాయం, పైచూపు ఉన్న చోట కిందిచూపు. నుదుటి మీద నలుపు ఉంటే అది వయసు అనుకోవచ్చు. చూపు దిక్కు మారితే అది వేరే బొమ్మ. యజమానితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాం: ఎక్కడ మారుస్తామో, ఎక్కడ మార్చమో, లేబుల్ నిలబడకపోవచ్చని కూడా.

తప్పిన ప్రయత్నం

ఈథర్ పద్ధతి పాతది, ఫలితం బాగుంటుంది. 30 శాతం పెరాక్సైడ్‌ను ఈథర్‌తో కలిపి ఊపితే కొంత పెరాక్సైడ్ ఈథర్‌లోకి వస్తుంది, ఆ పై పొరను కుంచెతో పెడతారు. నీరు దాదాపు ఉండదు. కానీ ఈథర్ ఇట్టే అంటుకుంటుంది, నిలవ ఉంటే పేలే పెరాక్సైడ్లు కడుతుంది. మా గదిలో అది వద్దనుకున్నాం. ప్లాస్టర్ ముద్దలో పెరాక్సైడ్ పోసి బొమ్మ పైన పట్టే ఆవిరి పద్ధతి తెల్ల కాగితానికి బాగుంటుంది. అందులో ఆవిరి గీత దగ్గర ఆగదు, నీలానికీ తగులుతుంది.

కాబట్టి జెల్. సముద్రపు నాచు నుంచి తీసే అగార్‌ను 4 శాతంగా 3 మి.మీ. మందంలో పోసి, గట్టిపడ్డాక 3 శాతం పెరాక్సైడ్‌లో నానబెట్టి, గీత ఆకారానికి కోసి, కింది అంచున మేఘపు గీత మీద 5 నిమిషాలు పెట్టాం. తెల్లబడింది. కానీ జెల్ ఎంత గట్టిదైనా పాత కాగితం దానికన్నా ఎక్కువ దాహంతో ఉంది. గీత చుట్టూ 1 మి.మీ. వలయం లేతబడింది, తెలుపు పైపొర మెత్తబడి జెల్‌కు చుక్కంత అంటుకుంది. మైక్రోస్కోప్ లేకపోతే కనిపించని నష్టమే. కన్ను దగ్గర అదే 1 మి.మీ. నష్టం భరించలేం. జెల్ ఆలోచన అక్కడితో ముగిసింది.

పనిచేసింది

తుమ్మ బంకకు నీరు శత్రువు, ఆల్కహాల్ కాదు. 30 శాతం పెరాక్సైడ్ 1 మి.లీ., 96 శాతం ఇథనాల్ 9 మి.లీ. సుమారు 3 శాతం ద్రావణం, నీరు పదో వంతు మాత్రమే. ఆల్కహాల్ త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి పాకే సమయం తక్కువ. ప్రతి పూటా తాజాగా 10 మి.లీ. కలిపాం, మిగిలింది మూత బిగించి దాచలేదు. పెరాక్సైడ్ వాయువు వదులుతుంది, సీసా ఉబ్బుతుంది. ఎక్కువ గాఢత ఉన్న పెరాక్సైడ్, ఆల్కహాల్ మిశ్రమం పేలగలదు. కాబట్టి "త్వరగా పనవుతుంది" అని పాళ్ళు పెంచకండి. 30 శాతం ద్రావణం చర్మానికి తగిలితే కాలుతుంది, నైట్రైల్ గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పవు.

ఇథనాల్ ఒక్కటే ముందు అంచుమీద పెట్టి చూశాం. పాత కాగితంలో అది పసుపును నెట్టి చార కట్టగలదు. 2 మైక్రోలీటర్లకు చార రాలేదు, 5కు లీలగా వచ్చింది. అంతే మా హద్దు తేలింది: ఒక్కో తాకిడికి 2 మైక్రోలీటర్లు, అంతకు మించి లేదు.

సింథటిక్ వెంట్రుకల సన్న కుంచె, లోహపు పట్టీ ద్రావణంలో మునగకుండా. లోహం తగిలితే పెరాక్సైడ్ సీసాలోనే చచ్చిపోతుంది. కుంచెను గాజు అంచున రాసి దాదాపు పొడిగా చేసి, గీత మందమైన చివర తాకించి, సన్న చివరకు దానంతట అదే పాకనిచ్చాం. గీత మీద లాగలేదు. లాగితే కుంచె చాక్‌ను తాకుతుంది. నలుపు ముందు గోధుమకు, తర్వాత బూడిదకు, తర్వాత తెలుపుకు మారుతుంది. 3 నిమిషాలు ఆగి, పూర్తిగా ఆరాక రెండో తాకిడి. ఆరకముందు పెడితే రెండు చుక్కలూ కలిసి హద్దు దాటుతాయి. సన్న గీతలకు ఒకటి చాలింది, మందమైనవాటికి నాలుగు దాకా పట్టింది. పూటకు ఆరేడు గీతలకు మించి చెయ్యలేదు, చెయ్యి వణికే పని ఇది.

వరస కూడా ఆలోచించి పెట్టుకున్నదే. ముందు మేఘం, తర్వాత చేతులు, తర్వాత నుదురు, చివర కళ్ళు. కన్ను ముఖ్యమని దానితో మొదలుపెట్టకూడదు. ఈ కాగితం, ఈ బంక ఎలా స్పందిస్తాయో పాతిక గీతల తర్వాతే చేతికి తెలుస్తుంది.

నుదుటి మీద మందమైన రెండు గీతలను పూర్తి తెలుపు దాకా తీసుకుపోలేదు. చిత్రకారుడు తెలుపు పెట్టింది నీలం మీద, ఇప్పుడది గోధుమరంగు మీద ఉంది. పక్కనున్న సుద్ద తెలుపు కూడా కాస్త మాసింది. మూడో తాకిడి దగ్గర, లేత బూడిద ఛాయ మిగిలి ఉండగా ఆపితే పైవస్త్రంతో సమంగా నిలిచింది. దీన్ని అభిరుచి అంటే కాదనలేం. అందుకే రిపోర్టులో తాకిడుల సంఖ్య గీత గీతకూ రాసి ఉంది.

41లో 33 మార్చాం. 8 వదిలేశాం. మూడు ఎర్ర చాక్ మీదే కూర్చున్నాయి, అందులో ఒకటి కింది పెదవి మీది చుక్క. రెండు ఇనుప మచ్చలకు ఆనుకున్నవి. మిగతా మూడు ముసుగు మడతల్లో ఉన్నాయి. అవి నల్లబడ్డ తెలుపో, నల్ల చాకో నిశ్చయంగా చెప్పలేకపోయాం. పక్కన సీసం ఎంత దట్టంగా ఉందంటే ఎక్స్‌రే కిరణపు చుట్టుకొలతలో రెండూ పడుతున్నాయి.

లేస్తున్న తెల్ల పెచ్చులకు 0.5 శాతం హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే అతుకు పదార్థం, అది కూడా ఇథనాల్‌లో, పెచ్చు అంచున ఒక్కో చుక్క. చాక్ మీద ఫిక్సేటివ్ (పొడిని పట్టి ఉంచే ద్రావణం) ఏదీ కొట్టలేదు. కొడితే పొడి రేణువుల మధ్య గాలి ఉన్న ఖాళీలు దానితో నిండి నలుపు ఇంకా ముదురుతుంది, చాక్‌కు ఉన్న మెత్తదనం పోతుంది. రబ్బరు తిన్న చెంపను కూడా కొత్త గీతలతో పూరించలేదు. ఊడిన రెండు మూలలకు మాత్రం రంగు కలిపిన జపనీస్ కాగితం, గోధుమ గంజి జిగురు.

లేబుల్ గొడవ

అరచేతుల్లో గాయాలు లేవు. అరచేతి మడమ మీద పడ్డ వెలుగు ఉంది. నుదుటివీ అంతే. దాంతో పాజ్జీ అనడానికి ఉన్న ఆధారం పోయింది. తెరేసా అనడానికీ ఆమె గుర్తైన దేవదూత బాణం లేదు. యజమాని తెరేసా పేరు రాయించాలని గట్టిగా అడిగారు, ఆ పేరుకు సంతలో విలువెక్కువ. మా రిపోర్టులో ఉన్నది ఇంతే: పారవశ్యంలో కార్మెలైట్ సన్యాసిని, అరచేతుల మీద, నుదుటి మీద ఇంతకుముందు గాయాలుగా చదివినవి నల్లబడ్డ సీసపు తెలుపు. చిత్రకారుడి పేరు మీద మేం ఏమీ రాయలేదు. అది కాగితం బాగుచేసేవాళ్ళ పని కాదు. చాక్ తెలుపును గీరిన ఫోటో మాత్రం జతచేశాం, ఆ పని చేసేవాళ్ళకు అక్కరకొస్తుంది.

మళ్ళీ ఇలాంటిది వస్తే

రంగు కాగితం మీద నల్ల మచ్చ కనిపిస్తే, వెలుగు ఎటునుంచి పడుతోందో ముందు చూడండి. మచ్చలన్నీ ఆ వైపుకే తిరిగిన ఎత్తుల మీద ఉంటే అది మురికి కాదు, బూజు కాదు. తెల్ల కాగితం మీద కన్నా రంగు కాగితం మీద ఇది పట్టుకోవడం తేలిక. ఇదే పరీక్ష మన దగ్గరా పనికొస్తుంది. సీసపు తెలుపు వాడిన దక్కనీ చిత్రాల్లో ముత్యాల చుక్కలు నల్లబడితే వాటిని నల్ల పూసలుగా వర్ణించే ప్రమాదం ఉంది. అయితే అక్కడ చుట్టూ ఉన్న రంగులు వేరు, బంకలు వేరు. ఈ పాళ్ళు అక్కడికి ఎత్తుకెళ్ళొద్దు.

మౌంట్ విషయంలో రెండు మాటలు. చాక్‌కు అద్దం తగలకూడదు, 4 మి.మీ. లోతు ఉండేలా మౌంట్ చేశాం. మామూలు అక్రిలిక్ వద్దు, స్థిర విద్యుత్తు. గాజు పెట్టాం. కింద లోపలి పొరల్లో మారని సీసపు తెలుపు ఇంకా ఉంది, అది మళ్ళీ నల్లబడగలదు. కాబట్టి ఫ్రేమ్‌లోపల ఉన్ని ఫెల్ట్, గంధకంతో గట్టిపరచిన రబ్బరు లాంటివి పెట్టకూడదు, రెండూ సల్ఫర్ వాయువులు వదులుతాయి. కొత్త షోకేసు అయితే దాని బట్ట, పెయింటు, జిగురు పరీక్షించాకే లోపల పెట్టాలి. వెలుతురు 50 లక్స్ దాటకూడదు. మిగిలిన కాస్త నీలం ఎక్కువగా వెనకవైపే ఉంది కాబట్టి బొమ్మను ప్రదర్శనలో తిరగేసి పెట్టాలన్న సరదా ఎవరికైనా పుడితే, అప్పుడూ ఇదే హద్దు.

కింది పెదవి మీది చుక్క నల్లగానే ఉంది. దూరం నుంచి అది తెరిచిన నోటి నీడలో కలిసిపోతుంది. దగ్గరికి వచ్చి చూసినవాళ్ళకు దాని మెరుపు తెలుస్తుంది. ఏడాదికోసారి తీసే ఫోటోల్లో కొలమానంగా ఆ చుక్కనూ, పక్కన తెల్లబడ్డ ముక్కు దూలపు గీతనూ ఒకే ఫ్రేములో తీస్తున్నాం.